సింహద్వారం సరే, బయటి తలుపు సంగతేమిటి?

బోయినపల్లి టింబర్ డిపోలకు తలుపు కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లో ఒక ఫొటోతోనే వస్తున్నారు. రెండు ఏనుగులు, మధ్యలో పద్మం, పైన పూర్ణకుంభం. ఆ మోజు ఊరికే పుట్టలేదు. 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామాలయానికి టేకు తలుపులు చేసే పని న్యూ బోయినపల్లిలోని అనురాధ టింబర్స్‌కు దక్కింది. కర్ర మహారాష్ట్రలోని బల్లార్షాది. కాజీపేట నుంచి ఉత్తరాదికి పోయే రైలు మన సరిహద్దు దాటగానే వచ్చే ఊరది. చెక్కినవాళ్లు తమిళనాడు పనివాళ్లు. పైన బంగారు తాపడం తర్వాతి సంగతి. సికింద్రాబాద్ పేరు అంత దూరం వెళ్లినందుకు సంతోషించాల్సిందే.

అయితే గుడి తలుపు పని వేరు, ఇంటి తలుపు పని వేరు. గుడి తలుపు వేళకు తెరుస్తారు, వేళకు మూస్తారు. కాపలాకు మనుషులుంటారు. ఇంటి తలుపుకు ఆ భోగం లేదు. పొద్దున పాలవాడికి తెరుచుకోవాలి. పగలు గాలి రానివ్వాలి, దోమను మాత్రం రానివ్వకూడదు. కొరియర్ కుర్రాడు బెల్లు కొడితే లోపలి నుంచే ముఖం చూసి మాట్లాడే వీలుండాలి. రాత్రి గట్టిగా మూసుకోవాలి. అర్ధరాత్రి పొగ కమ్మితే మాత్రం తాళంచెవి వెతుక్కోకుండా తెరుచుకోవాలి. ఇన్ని పనులు ఒక్క రెక్కతో జరగవు. అందుకే మన ఊళ్లో గుమ్మానికి లోపల చెక్క తలుపు, బయట జాలీ తలుపు అని రెండు పెట్టుకుంటున్నారు. డబ్బు మాత్రం తొంభై పాళ్లు లోపలి తలుపు మీదే పోస్తున్నారు. బయటిదాన్ని చివర్లో, చేతిలో చిల్లర మిగిలితే, గేట్లు వెల్డింగు చేసేవాడికి అప్పజెబుతున్నారు. నా లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. రోజంతా పని చేసేది బయటి తలుపు. ఆ రెండింటినీ మోసేది ద్వారబంధం. అన్నిటికన్నా తక్కువ ఆలోచించి కొనేది కూడా దాన్నే.

జాలీ తలుపును చిన్నచూపు చూడటానికి ఈ ఊరికి అసలు హక్కు లేదు. మలేరియా దోమ వల్ల వస్తుందన్న రుజువు దొరికింది ఇక్కడే. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమల్లో అదొకటి. కుట్టించుకున్నందుకు దోమకో అణా చొప్పున అతనికి డబ్బులిచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న భవనం బేగంపేటలో ఇంకా ఉంది. ఈ సంగతి స్కూలు పిల్లలకు కూడా తెలుసు. దీని తర్వాత జరిగిందే తలుపుల కథకు ముఖ్యం. దోమే కారణమైతే దోమను ఇంట్లోకి రానివ్వకపోతే సరిపోతుందా అన్న ప్రశ్న వెంటనే పుట్టింది. ఇటలీలో ఆంజెలో చెల్లీ అనే వైద్యుడు రైల్వే కార్మికుల ఇళ్లకు తీగ జాలీలు కట్టించి చూశాడు. 1900లో ప్యాట్రిక్ మాన్సన్ పంపిన ఇద్దరు వైద్యులు, సాంబన్, లో, రోమ్ దగ్గర మలేరియాకు పేరుపడ్డ బురదనేలలో ఒక కర్ర గుడిసె వేసుకున్నారు. దాని కిటికీలకూ తలుపులకూ జాలీ బిగించారు. పగలు ఊళ్లో తిరిగేవారు, చీకటి పడేలోగా లోపలికి చేరేవారు. చుట్టుపక్కల జనం జ్వరాలతో మూలుగుతుంటే వీళ్లకు ఏమీ కాలేదు. మందూ మాకూ కాదు, కాపాడింది ఒక జాలీ తలుపు.

ఆ తర్వాత కంటోన్మెంట్ బంగళాల్లో, రైల్వే క్వార్టర్లలో స్ప్రింగు పెట్టిన జాలీ తలుపులు వెలిశాయి. వదిలేస్తే దభీమని కొట్టుకునేవి. ఆ చప్పుడు భరించలేక స్ప్రింగు ఊడబీకినవాళ్లు చాలామంది. ఊడబీకిన రోజు నుంచి ఆ తలుపు ఉన్నా లేనట్టే. జాలీ తలుపు తనంతట తాను మూసుకోవాలి, లేకపోతే అది దోమలకు చూపించే దారి. ఇప్పుడు నెమ్మదిగా మూసే హైడ్రాలిక్ క్లోజర్లు వస్తున్నాయి. పనిలో పనిగా ఒకటి బిగించుకుంటే సరి. వాటిలో చిన్న సైజువి దొరుకుతాయి, తేలికపాటి రెక్కకు అవి చాలు.

పగలు జాలీ ఎందుకు, దోమలు రాత్రి కదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మలేరియా దోమ, మురికి కాలువల క్యూలెక్స్ దోమ రాత్రివేళ కుట్టేవి. డెంగీ తెచ్చే ఏడిస్ మాత్రం పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం. గాలి కోసం చెక్క తలుపు బార్లా తెరిచి కూర్చునేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. మారేడ్‌పల్లిలో చెట్ల నీడనున్న పాత ఇళ్లయినా, సీతాఫల్‌మండిలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లయినా, ఈ విషయంలో తేడా లేదు.

ఇక దొంగల సంగతి. రాస్ దోమను కోసిన ఆ 1897లోనే బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ తాళాల తయారీ మొదలుపెట్టాడు. నూట పాతికేళ్లు దాటినా మన ఇంటి భద్రత అంటే గుర్తొచ్చేది తాళమే. నిజానికి తలుపు లొంగేది తాళం దగ్గర కాదు, తాళం నాలుక దూరే చోట. ద్వారబంధానికి బిగించిన చిన్న ఇనుప పట్టీ, దానికి ముప్పాతిక అంగుళం మరలు రెండు. భుజంతో నాలుగు తోపులు తోస్తే మరలతో సహా పట్టీ ఊడొస్తుంది. ఎన్ని లివర్ల తాళమైనా అప్పుడు తలుపుకే అంటుకుని ఊగుతూ ఉంటుంది. తాళంతో పాటు డబ్బాలో వచ్చే మరలు పక్కనపెట్టి, రెండంగుళాలకు తగ్గని మరలు, పొడవైన పట్టీ పెట్టమని మేస్త్రీకి చెప్పాలి. టేకు గట్టి కర్ర. ముందు సన్నటి రంధ్రం వేయకుండా మర బిగిస్తే మర తల తెగుతుంది, లేదా కర్ర చీలుతుంది.

రెండో బలహీనత బందులది. లోపలి తలుపు ఇంట్లోకి తెరుచుకుంటుంది కాబట్టి దాని బందులు లోపల ఉంటాయి. బయటి జాలీ తలుపు బయటికి తెరుచుకుంటుంది. దాని బందుల కీలు నిలబడ్డవాడి చేతికి అందేలా బయటే ఉంటుంది. పిన్ను కింద నుంచి కొడితే పైకి లేచి వచ్చే రకం బందులు పెడితే తాళం ముట్టుకోకుండానే రెక్క ఊడదీయొచ్చు. పిన్ను రెండు కొసలూ మూసేసిన బందులు దొరుకుతాయి, అవే అడగాలి. బందుల వైపు ద్వారబంధంలోకి దూరే రెండు ఉక్కు ముక్కలు కూడా బిగించుకుంటే, రెక్క మూసి ఉన్నంతసేపు కీలు కోసేసినా తలుపు కదలదు. ఖర్చు పెద్దది కాదు, అడిగేవాళ్లే తక్కువ.

మూడోది అలవాటుకు సంబంధించింది. ఊరెళ్లేటప్పుడు జాలీ తలుపుకు ఆల్‌డ్రాప్ గడియ వేసి, దానికి అరచేయంత తాళంకప్ప వేలాడదీస్తారు. సంక్రాంతికి ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చెప్పడానికి అంతకన్నా మంచి బోర్డు ఉండదు. బయటి తలుపుకు కూడా రెక్కలోనే ఇమిడిపోయే తాళం పెట్టిస్తే, వేసి ఉందో లేదో దూరం నుంచి తెలియదు.

ఇప్పుడు ద్వారబంధం దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది. తెలుగిళ్లలో ద్వారబంధం ఎత్తడం ఒక శుభకార్యం. పునాది పైకి రాగానే ముహూర్తం చూసి, కింద నవధాన్యాలూ నాణేలూ వేసి, మామిడాకులు కట్టి, గడపకు పసుపు రాసి నిలబెడతారు. అంటే ఇంట్లోకి అన్నిటికన్నా ముందు వచ్చే కర్ర ఇదే. ఆ తర్వాత నెలల తరబడి దాని చుట్టూ ఇటుక పని, ప్లాస్టరింగు, రోజూ నీళ్లు కొట్టడం. కొన్న రోజుకే సరిగా ఆరని కర్ర, ఆపైన సిమెంటు తడిలో నానుతుంది. గృహప్రవేశం నాటికి ఆరడం మొదలుపెట్టి వంకర తిరుగుతుంది. తీరా నెపం తలుపు రెక్క చేసిన వడ్రంగి మీద పడుతుంది. ముహూర్తం మార్చమని ఎవరికీ చెప్పను. కానీ ముహూర్తానికి మూడు నెలల ముందే కర్ర కొని నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి ఆరబెట్టుకోవచ్చు. గోడలో కలిసే మూడు ముఖాలకు నిలబెట్టే ముందే ప్రైమరో తారో పూయించొచ్చు. నిలబెట్టాక ప్లాస్టిక్ పట్టా చుట్టొచ్చు. ఒక్కో పక్కన కనీసం మూడు హోల్డ్‌ఫాస్టులు, అంటే ఇనుప పట్టీలు, గోడలోకి వెళ్లి, వాటి చుట్టూ కాంక్రీటు పడిందో లేదో ఇంటి యజమాని ఆ రోజు అక్కడుండి చూసుకోవాలి. ప్లాస్టరింగు అయ్యాక చూడటానికి ఏమీ మిగలదు.

రెండు తలుపులు కావాలంటే ద్వారబంధానికి రెండు వైపులా గాడి తీయాలి, మేస్త్రీలు డబుల్ రిబేట్ అంటారు. అది మొదటే చెప్పాలి. తర్వాత గుర్తొస్తే బయట వేరే పట్టీలు కొట్టి రెక్క వేలాడదీయడమే గతి. ఆ పట్టీ గోడకు అతికించిన ముక్క మాత్రమే, గట్టి ఇనుప కడ్డీ ఒకటి చాలు దాన్ని లేపడానికి. ఇక్కడ చిన్న లెక్క ఒకటుంది. చాలామంది దాన్ని వేయరు. లోపలి రెక్క మందం ఒకటిన్నర అంగుళం, జాలీ రెక్క ఒకటింపావు. రెండూ కలిపి రెండుముప్పావు. ద్వారబంధం వెడల్పు నాలుగంగుళాలైతే రెండు రెక్కల మధ్య మిగిలేది ఒకటింపావు అంగుళం. లోపలి తలుపుకు బయటివైపు ఉండే హ్యాండిల్ సుమారు రెండంగుళాలు ముందుకు పొడుచుకొస్తుంది. జాలీ తలుపు మూయగానే ఆ హ్యాండిల్ జాలీలో గుచ్చుకుంటుంది. ఐదంగుళాల ద్వారబంధంలో రెండుంపావు మిగులుతుంది, అదీ బొటాబొటి. ఆరంగుళాలది పెట్టుకుంటే మూడుంపావు వస్తుంది, నిశ్చింత. గోడ మందం ఒప్పుకోకపోతే హ్యాండిల్ బదులు చెక్కలోకి దిగిన పిడి పెట్టుకోవాలి. ముందు తాళం, హ్యాండిల్ కొని మేస్త్రీ చేతికిచ్చి, ఆ తర్వాతే కర్ర కోయించమని నేను చెప్పేది అందుకే. మన దగ్గర ఈ వరస అచ్చం తిరగబడి ఉంటుంది. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ కొనడం చిట్టచివరి రోజు పని.

కర్రకు డబ్బు కట్టేది ఘనపుటడుగు లెక్కన, డిపోల భాషలో సీఎఫ్‌టీ. లెక్క కష్టమైందేమీ కాదు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో వేసి, మూడింటినీ గుణించి 144తో భాగించాలి. ఐదు బై మూడు అంగుళాల ద్వారబంధానికి ఏడడుగుల నిలువు కర్రలు రెండు, నాలుగడుగుల అడ్డకర్రలు రెండు, మొత్తం 22 అడుగులు. 22ను 15తో గుణిస్తే 330. దాన్ని 144తో భాగిస్తే 2.29 సీఎఫ్‌టీ. మూడున్నర బై ఏడు అడుగుల రెక్క, ఒకటిన్నర అంగుళం మందం అనుకుంటే మూడు సీఎఫ్‌టీ పైచిలుకు. తరుగు దీనికి అదనం. చిత్రిక పట్టాక ఐదంగుళాల కర్ర నాలుగుముప్పావు అవుతుంది. డిపోవాడు ఐదుకే డబ్బు తీసుకుంటాడు. అందులో మోసమేమీ లేదు, వ్యాపార రివాజు అంతే. కానీ పైన చెప్పిన హ్యాండిల్ లెక్క వేసేటప్పుడు ఆ పావు అంగుళాన్ని మర్చిపోకూడదు.

ఏ టేకు అన్నది డిపోలో అడుగుపెట్టగానే మొదలయ్యే చర్చ. బల్లార్షా, సీపీ (పాత సెంట్రల్ ప్రావిన్సెస్), ఆదిలాబాద్, బర్మా, ఘనా, నైజీరియా, ఈక్వెడార్, ఇలా ఊళ్ల, దేశాల జాబితా చదువుతారు. బర్మా పేరు చెప్పి ధర పెంచే రోజులు నిజానికి పోవాలి. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పటికీ బర్మా టేకు అని అమ్మేది కోసిన సైజుల్లో వచ్చినదో, పాత నిల్వో, లేదా ఒట్టి మాటో అయ్యుండాలి. ఊరి పేరుకన్నా కర్రలో చేవ ఎంత ఉందో చూడటం మేలు. టేకుకు చెద పట్టదు అనేది సగం నిజం. చెద పట్టనిది చేవకు. చుట్టూ ఉండే తెల్లకర్రను చెదలు తినేస్తాయి. తోటల్లో తొందరగా పెంచి, చిన్న వయసులోనే కొట్టిన చెట్టుకు చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ. డిపోలో దుంగ కొస చూస్తే రంగు తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తలుపు తయారై రంగు పడ్డాక అది కనపడదు. తెల్లకర్రకు టేకు రంగు పూసి, పైన పాలిష్ కొడితే పెద్ద మేస్త్రీ కూడా ఒక క్షణం తడబడతాడు. అందుకే రెడీమేడ్ తలుపు కొనేవాళ్లు పాలిష్ పడకముందే చూస్తామని పట్టుబట్టాలి. ముందే పాలిష్ కొట్టి షోరూంలో నిలబెట్టిన తలుపులో ఏముందో దాన్ని చేసినవాడికే ఎరుక.

టేకే కావాలా అంటే, బయటి జాలీ తలుపుకు కావాలంటాను. ఎండావానా తగిలేది దానికే. లోపలి గదుల తలుపులకు ఫ్లష్ డోరు, వెనీరు చాలు. బాత్రూముకు డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసింది. వేప, నల్లమద్ది, వేగిస ఒకప్పుడు పల్లెటూళ్లలో దర్వాజాలకు బాగా వాడేవారు. ఇప్పుడు ఆరిన వేగిస పట్నంలో దొరకడం కష్టం. పాత బంగళా కూల్చినప్పుడు వచ్చే టేకు దొరికితే మాత్రం వదులుకోకూడదు. పద్మారావునగర్, మారేడ్‌పల్లి వైపు పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు లేచిన ప్రతిసారీ పాత దూలాలూ తలుపులూ అమ్మకానికి వస్తాయి. దశాబ్దాలుగా ఆరిన కర్ర అది, ఇక వంకరపోదు. మేకులుంటాయి, రంపం పళ్లు విరుగుతాయని కోత మిల్లువాళ్లు సణుగుతారు. సణగనివ్వండి.

మన వాతావరణంలో కర్ర కదులుతుంది. ఏప్రిల్లో ఎండి ముడుచుకుంటుంది, శ్రావణంలో ఉబ్బి బిగుసుకుంటుంది. ఎంత కదులుతుందో లెక్క కట్టొచ్చు. అడ్డంగా కోసిన టేకు పలకలనే పక్కపక్కన అతికి మూడున్నర అడుగుల రెక్క చేస్తే, కర్రలో తేమ ఐదు శాతం మారినప్పుడు రెక్క వెడల్పులో దాదాపు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. వానాకాలంలో తలుపు పడకపోవడానికి కారణం అదే. అదే రెక్కను పాత పద్ధతిలో, అంటే చుట్టూ నాలుగున్నర అంగుళాల పట్టీలతో చట్రం కట్టి, మధ్య పలకలను గాడిలో వదులుగా కూర్చోబెట్టి చేస్తే, కదిలేది ఆ రెండు నిలువు పట్టీలే. తేడా సుమారు రెండు మిల్లీమీటర్లే. పలక తన గాడిలో తాను ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది, బయటికి ఏమీ తెలియదు. ఈ కిటుకు మన వడ్రంగులకు తరతరాలుగా తెలుసు. ఇప్పుడు తొందరపడి ఆ పలకలకు ఫెవికాల్ పూసి, పైన మేకులు కొడుతున్నారు. అప్పుడు పలక కదలలేక నిలువునా చీలుతుంది. లక్ష్మీదేవి బొమ్మ మధ్యలో పగులు పడ్డ తలుపులు ఎక్కడైనా కనిపిస్తే కారణం ఇదేనని అర్థం చేసుకోవచ్చు. సీఎన్‌సీ మెషీను చెక్కినా, చేత్తో చెక్కినా కర్ర గుణం ఒకటే.

జాలీ రెక్కకు ఇంకో గండం ఉంది. మధ్యలో బరువైన పలక లేదు కాబట్టి చట్రమే రెక్క. నాలుగు మూలల్లో కుసీ (పట్టీ కొసన చెక్కిన నాలుక) అది దూరే బెజ్జమూ గట్టిగా పడకపోతే రెండేళ్లలో తాళం వైపు మూల కిందికి జారి గడపను రాసుకుంటుంది. మరలు బిగించి, మూలకు ఇనుప ఎల్ ముక్క కొట్టిన రెక్క అసలు వద్దు. కుసి రెక్క పట్టీ అవతలి అంచు దాకా పోవాలి. పట్టీ అంచున చిన్న చదరం కనపడితే కుసి అక్కడిదాకా వచ్చినట్టు గుర్తు. నడుమ ఒక అడ్డపట్టీ తప్పదు, దాని కింద పలక వేసి పైన జాలీ పెట్టడం మంచిది. ఇంట్లో పిల్లలున్నా కుక్క ఉన్నా కింది జాలీ ఆరు నెలలు నిలవదు.

జాలీ రకాల్లో ఫైబర్‌గ్లాస్ చవక, తుప్పు పట్టదు, కానీ బ్లేడుతో గీస్తే తెగుతుంది. జీఐ జాలీ మన వానలకు తుప్పు పట్టి, నీళ్లతో పాటు ఎర్రటి చారలు గడప మీదికి దించుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకం నమ్మదగింది. కన్ను సుమారు ఒకటింపావు మిల్లీమీటరు ఉంటే దోమ దూరదు, గాలి ఆడుతుంది. ఇంకా సన్నది వేస్తే గాలి తగ్గుతుంది, దుమ్ము పట్టి ఏడాదిలో కిటికీకి పరదా కట్టినట్టవుతుంది. జాలీని లోపలివైపు నుంచి బీడింగుతో, మరలు పెట్టి బిగించమనాలి. మేకులు కొడితే చిరిగినప్పుడు మార్చడానికి బీడింగు పగలగొట్టాలి.

దోమకు జాలీ, దొంగకు ఊచలు. చాలామంది ఒకటే సరిపోతుందనుకుంటారు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లకు వెళ్తే, ఊచలు లేకుండా ఉత్త స్టీలు జాలీతోనే భద్రత తలుపులు కనిపిస్తాయి. అక్కడ అలాంటి తలుపులకు ఏఎస్ 5039 అనే ప్రమాణం ఉంది. గుద్ది చూస్తారు, కత్తితో కోసి చూస్తారు, కడ్డీతో పెకలించి చూస్తారు, ఆ తర్వాతే దానికా పేరు. అందులో వాడే తీగ మన దోమల జాలీ తీగకన్నా బాగా మందం. మన షాపులో సెక్యూరిటీ మెష్ అని చెప్పి ఇచ్చే ప్రతిదీ అది కాదు. అలాంటి రుజువు చూపించనంతవరకు జాలీ వెనక ఊచలు ఉండాల్సిందే. చదరపు ఊచలు, పది పన్నెండు మిల్లీమీటర్లవి, సందు నాలుగంగుళాలు దాటకుండా. ఊచలు టేకు పట్టీల్లోకి దిగి ఉండాలి, పైనుంచి చట్రానికి వెల్డు చేసి మరలతో తగిలించినవి కాకూడదు. టేకుతోనే నిలువు బద్దలు వేయించుకుంటే అందం ఎక్కువ, భద్రత కొంచెం తక్కువ. మూడో అంతస్తు ఫ్లాటుకు అది చాలు. సైనిక్‌పురిలో ఖాళీ ప్లాటు పక్కనున్న విడి ఇంటికి చాలదు.

తాళం ఎక్కడుండాలన్నది ఇక్కడే తేలాలి. లోపలి నుంచి చెవి లేకుండా, బొటనవేలితో తిప్పితే తెరుచుకునే తాళం కావాలి. కానీ జాలీని నాలుగంగుళాలు కోసి చెయ్యి దూర్చితే దొంగకూ అది అందుతుంది. అందుకని తాళం చుట్టూ జానెడు మేర జాలీ కాకుండా టేకు పలక ఉండేలా నడుమ పట్టీని వెడల్పు చేయించాలి. కొందరు దీనికి భయపడి లోపల కూడా చెవితోనే తెరిచే తాళం వేస్తారు. అది దొంగకన్నా ప్రమాదం. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాం అంటుకున్నప్పుడు పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది బయటికి రాలేక చనిపోయారు. అది ఇల్లు కాదు, గోదాం, నిజమే. కానీ పొగలో మనిషికి దొరికేది కొన్ని క్షణాలే అన్నది ఎక్కడైనా ఒకటే. జాతీయ భవన నిర్మాణ నియమావళి, అంటే 2016 ఎన్‌బీసీ, బయటికి వెళ్లే తలుపు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలంటుంది. ముసలివాళ్లను లోపల పెట్టి బయట తాళం వేసి ఆఫీసుకు వెళ్లే అలవాటు మన అపార్టుమెంట్లలో ఉంది. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. మానుకోవాల్సిన అలవాటు.

ఫ్లాట్ల వాళ్లకు ఇంకో తగువు. బయటి తలుపు కారిడార్లోకి తెరుచుకుంటుంది. నాలుగడుగుల కారిడార్లో మూడున్నర అడుగుల రెక్క అడ్డంగా నిలబడితే పక్కింటివాళ్లకు దారి ఉండదు. ఎదురెదురు ఫ్లాట్ల తలుపులు ఒకేసారి తెరుచుకుంటే రెండూ గుద్దుకుంటాయి. అసోసియేషన్ మీటింగుల్లో నీటి ట్యాంకర్ల తర్వాత ఎక్కువ గొడవ దీనిమీదే జరుగుతుంది. రెక్క గోడకు అంటుకునేంత దాకా, అంటే 180 డిగ్రీలు తిరిగే బందులు పెట్టించుకోవడం ఒక దారి. జాలీ రెక్కను రెండుగా, ఒకటి రెండుంపావు అడుగులు, ఇంకొకటి అడుగుంపావు చేయించుకోవడం మరో దారి. రోజూ పెద్దది తెరుస్తారు, సోఫా వచ్చినప్పుడు చిన్నదీ తెరుస్తారు. కారిడార్ చివర కొలాప్సిబుల్ గేటు పెట్టి రెండు ఫ్లాట్లను కలిపి తాళం వేసుకోవడం మాత్రం దారి కాదు, ఫైర్‌వాళ్లు అడగకపోయినా సరే.

వాస్తు గురించి రెండు మాటలు. తూర్పు, ఉత్తరం, తలుపు ఎటు తిరగాలి అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. ఒకటి మాత్రం వడ్రంగి శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. పడమటి ముఖం తలుపుకు సాయంత్రం ఎండ నేరుగా తగులుతుంది. లోపల వాడే మెలమైన్ పాలిష్ అక్కడ ఒక్క వేసవిలో పొట్టు రేగుతుంది. బయటి రెక్కకు పీయూ పాలిష్ కానీ, రెండేళ్లకోసారి రాసుకునే అవిసె నూనె కానీ వాడాలి. పాలిష్‌వాడు తలుపు ముందూ వెనకా మెరిపిస్తాడు, పై అంచూ కింది అంచూ వదిలేస్తాడు. నీళ్లు తాగేది ఆ కింది అంచే. రోజూ గడప కడిగే ఇళ్లలో మరీను. తలుపు బిగించాక కింద చిన్న అద్దం పెట్టి చూస్తే పచ్చి కర్ర కనిపిస్తుంది. అద్దం చేతిలో ఉందని తెలిస్తే పాలిష్‌వాడే రెక్క మళ్లీ దించుతాడు. ఒకటిన్నర అంగుళం టేకు రెక్క యాభై ఐదు కిలోల దాకా తూగుతుంది, దించడం ఇద్దరి పని. అందుకే మూడు బందులు కాదు, నాలుగు కావాలి.

మేస్త్రీతో మాట్లాడుకునేటప్పుడు నోటిమాట మీద వదలకుండా ఒక కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసుకుంటే మంచిది. ద్వారబంధం వెడల్పు, రెండు గాళ్ల లోతు, రెక్కల మందం, తాళం ఎత్తు, బందులు ఎన్ని, జాలీ రకం, ఊచల సందు. కర్ర మీరే కొనిస్తే డిపో బిల్లు మీ పేర తీసుకోండి. మిగిలిన ముక్కలు మీవే, అవి అటకెక్కకుండా బీడింగుకు వాడించండి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఈ పని చేసేవాళ్లలో రాజస్థాన్ మేస్త్రీలూ ఉన్నారు, మన వడ్లవాళ్లూ ఉన్నారు. చేతిపని ఎవరిదైనా, తలుపు అసలు రంగు మొదటి వానాకాలంలో బయటపడుతుంది. బేరం కుదిరేటప్పుడే కూలిలో కొంత దసరా దాకా ఆపుతానని, ఆ లోపు ఒకసారి వచ్చి బిగుసుకున్న చోట చిత్రిక పట్టి, అంచుకు మళ్లీ పాలిష్ వేసి వెళ్లాలని చెప్పుకోవాలి. మంచి మేస్త్రీ దీనికి అభ్యంతరం చెప్పడు. చెప్పేవాడైతే అడ్వాన్సు ఇవ్వకముందే తెలియడం మంచిదే కదా.